బరువు కొలిచే చేతులు

దెబ్బతిన్న కండరానికైనా, ఎముకకైనా, లిగమెంటుకైనా చివరికి పనిచేసే మందు ఒకటే: బరువు. అది చాలకపోతే కీలు బిగుసుకుపోతుంది, కండరం సన్నబడుతుంది. మోతాదు మించితే మానుతున్న చోటే మళ్లీ తెగుతుంది. ఎంత బరువు, ఏ వారంలో, ఏ కోణంలో, ఎన్నిసార్లు అన్నది లెక్కగట్టి ఆటగాడి ఒంటి మీద పెట్టడం పెద్ద విద్య. ఆ విద్యను పద్ధతిగా చెప్పే డిగ్రీ చదువులోకి తొంగిచూస్తే, మన శరీరం ఎంత తెలివిగా అమరిందో, దాన్ని చదివే చేతులు ఎంత ఓపికగా తయారవుతాయో అర్థమవుతుంది.

అమెరికాలో దీన్ని అథ్లెటిక్ ట్రైనింగ్ అంటారు. అక్కడ ఈ వృత్తివారి జాతీయ సంఘం 1950లో ఏర్పడింది. 1990లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ దీన్ని వైద్య అనుబంధ వృత్తిగా గుర్తించింది. మొదట డిగ్రీలో మేజర్‌గా చదివిన ఈ శాస్త్రం ఇప్పుడు అక్కడ మాస్టర్స్ స్థాయికి చేరింది. మన దగ్గర ఇదే పనిని ముగ్గురు పంచుకున్నారు. ఆట నేర్పేది కోచ్, ఆ శిక్షణకు 1961లో పాటియాలాలో పెట్టిన జాతీయ క్రీడా సంస్థ పెద్దదిక్కు. బడిలో ఆడించేది పీఈటీ మాస్టారు. దెబ్బను చూసి, కొలిచి, ఆటగాణ్ని మళ్లీ నిలబెట్టేది ఫిజియోథెరపిస్టు. అథ్లెటిక్ ట్రైనింగ్‌లో కీలకమైన పనులు చాలావరకు ఈ మూడో మనిషి చేతిలోనే ఉన్నాయి.

తిరుపతిలో పీఈటీ మాస్టార్లనూ, ఫిజియోథెరపిస్టులనూ తయారుచేసే చోట్లు ఒకే ఊళ్లో కనిపిస్తాయి. 1954లో మొదలైన శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం, 1983లో వచ్చిన శ్రీ పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం వ్యాయామ విద్యను చెబుతున్నాయి. తిరుమల తిరుపతి దేవస్థానం పూనికతో 1993లో సేవలు మొదలుపెట్టిన స్విమ్స్ ఆసుపత్రిలో ఫిజియోథెరపీ కళాశాల ఉంది. ఎముకలూ కీళ్ల శస్త్రచికిత్సలకు, కృత్రిమ అవయవాలకు పేరున్న బర్డ్ ఆసుపత్రి కూడా ఈ ఊరిదే. ఇంటర్‌లో బైపీసీ చదివిన పిల్లలు ఫిజియోథెరపీలో బ్యాచిలర్ డిగ్రీకి, అంటే బీపీటీకి వస్తారు. నాలుగేళ్ల చదువు, ఆపైన ఆరు నెలల ఇంటర్న్‌షిప్ అన్నది ఇన్నాళ్లూ నడిచిన పద్ధతి. తర్వాత రెండేళ్ల మాస్టర్స్ డిగ్రీ అయిన ఎంపీటీలో క్రీడలను ప్రత్యేకాంశంగా తీసుకునే వీలు దేశంలో పలుచోట్ల ఉంది.

మొదటి ఏడాది శరీర నిర్మాణశాస్త్రంతో మొదలవుతుంది. ఎముకను చేతిలోకి తీసుకుని, కళ్లు మూసుకుని, అది కుడి కాలిదో ఎడమ కాలిదో చెప్పగలగాలి. అందుకు గట్లు, గుంటలు, నునుపైన తలాలు వేళ్లకు గుర్తుండిపోవాలి. ఉదాహరణకు చీలమండ చూద్దాం. పిక్క కింద రెండు ఎముకలు దిగివచ్చి, లోపలా బయటా రెండు గిలకలుగా పొడుచుకొస్తాయి. ఆ రెండింటి మధ్య టాలస్ అనే ఎముక దూరి కూర్చుంటుంది. టాలస్ పైభాగం ముందువైపు వెడల్పు, వెనకవైపు ఇరుకు. అందుకే పాదాన్ని పైకి లాగినప్పుడు వెడల్పైన భాగం గిలకల మధ్యకొచ్చి కీలు బిగుస్తుంది. వేళ్లు నేల వైపు వంచినప్పుడు ఇరుకు భాగం అక్కడికొచ్చి కీలు వదులవుతుంది.

ఈ ఒక్క అమరిక తెలిస్తే బెణుకులు ఎప్పుడు వస్తాయో ముందే చెప్పేయవచ్చు. వాలీబాల్‌లో ఎగిరి దిగేవాడి పాదం వేళ్ల మీద ఆనుతుంది. కీలు వదులుగా ఉండే క్షణం సరిగ్గా అదే. పైగా బయటి గిలక కిందికి ఎక్కువ దిగి ఉంటుంది, లోపలిది పొట్టిది. దాంతో పాదం బయటికి ఒరగకుండా బయటి గిలక అడ్డుకుంటుంది, లోపలికి ఒరిగితే అడ్డం తక్కువ. లోపలివైపు లిగమెంటు విసనకర్రలా పరుచుకున్న బలమైన పట్టీ. బయటివైపు విడివిడిగా మూడు సన్నని పట్టీలే ఉంటాయి. వాటిలో ముందుదే అన్నిటికంటే తరచుగా దెబ్బతింటుంది. మైదానంలో కుంటుతున్న పిల్లవాడు చెయ్యి పెట్టి చూపే చోటు చాలాసార్లు బయటి గిలకకు ముందు కిందుగా ఉండటానికి కారణం ఇదే.

నిర్మాణం తెలిశాక కొలవడం నేర్పుతారు. గోనియోమీటరు చూడ్డానికి సాదా వస్తువు. మధ్యలో కోణమానిని, దానికి రెండు చేతులు. మోకాలిని కొలిచేటప్పుడు దాని ఇరుసు తొడ ఎముక అడుగున బయటివైపు ఉండే ఉబ్బు మీద నిలవాలి. కదలని చెయ్యి తుంటి పక్కన తగిలే ఎముక గుబ్బకు గురిపెట్టాలి. కదిలే చెయ్యి బయటి గిలక వైపు చూడాలి. అప్పుడు మోకాలు వంచితే ఆరోగ్యవంతుడికి సుమారు 135 డిగ్రీలు వస్తాయి. ఈ మూడు గుర్తుల్లో ఏ ఒక్కటి పక్కకు జరిగినా అంకె మారిపోతుంది. నేర్పరి చేతిలో కూడా కొద్ది డిగ్రీల తేడా సహజం. అందుకే మొదటిసారి కొలిచిన మనిషే, అదే పడక మీద, అదే భంగిమలో మళ్లీ కొలవాలన్న నియమం పెట్టుకుంటారు. చిన్న తేడా చూసి బాగుపడిందని మురిసిపోకుండా కాపాడే నియమం అది.

కండరం బలాన్ని కొలవడం ఇంకా సొగసైన పని. ఇందుకు యంత్రం అక్కర్లేదు, భూమ్యాకర్షణే తూకపురాయి. 0 నుంచి 5 వరకు మెట్లు. కండరంలో ఏ కదలికా లేకపోతే 0. కీలు కదలకపోయినా వేలి కింద కండరం అదిరినట్టు తెలిస్తే 1. బరువు ఎదురు లేకుండా పక్కకు పడుకోబెట్టినప్పుడు కాలు కదిలితే 2. బల్ల అంచున కూర్చుని, కాలి బరువును తానే మోస్తూ మోకాలు పూర్తిగా చాచగలిగితే 3. ఆపైన పరీక్షించేవారి చెయ్యి ఒత్తిడి పెడుతుంది, కొంత తట్టుకుంటే 4, పూర్తిగా తట్టుకుంటే 5. బ్రిటన్ మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ రెండో ప్రపంచ యుద్ధ కాలంలో ఖరారు చేసిన ఈ కొలమానం ఇప్పటికీ ప్రతి వార్డులో వాడుకలో ఉంది. భూమి ఎక్కడైనా ఒకేలా లాగుతుంది కాబట్టి 3 అన్న అంకెకు తిరుపతిలోనూ లండన్‌లోనూ అర్థం ఒకటే. 4కూ 5కూ మధ్య తేడా మాత్రం పరీక్షించే చెయ్యి మీద ఆధారపడుతుంది. ఆ చేతికి నిలకడ రావాలంటే తోటి విద్యార్థుల చేతులూ కాళ్ల మీద వందలసార్లు సాధన చేయాలి.

మూడో మెట్టు, లోపల తెగిందా లేదా అని చేత్తో పసిగట్టడం. మోకాలి నడుమ రెండు లిగమెంట్లు ఒకదాన్నొకటి దాటుతూ ఉంటాయి. ముందుది కాలి ఎముక ముందుకు జారిపోకుండా పట్టుకుంటుంది. కబడ్డీలో కూతకు వెళ్లినవాడి చీలమండను పట్టేసినప్పుడు పాదం నేలకు అతుక్కుంటుంది, ఒళ్లు గీత వైపు మెలి తిరుగుతుంది. ఆ మెలికకు తెగేది తరచుగా ఈ లిగమెంటే. దీన్ని చూసే పరీక్షకు ఫిలడెల్ఫియా వైద్యుడు జాన్ లాక్‌మన్ పేరు పెట్టారు. ఆయన శిష్యుడు జోసెఫ్ టార్గ్ 1976లో దాన్ని లోకానికి వివరించాడు. మోకాలిని 20 నుంచి 30 డిగ్రీలు మాత్రమే వంచాలి. ఒక చెయ్యి తొడను కదలకుండా పట్టాలి, రెండో చెయ్యి కాలి ఎముకను ముందుకు లాగాలి. ఎంత జరిగింది అన్నది సగం జవాబే. లాగుడు చివర తాడు బిగిసినట్టు ఠక్కున ఆగిందా, మెత్తగా సాగిపోయిందా అన్నది మిగతా సగం. 90 డిగ్రీలు వంచి చేసే పాత పరీక్షలో నొప్పితో బిగుసుకున్న తొడ వెనక కండరాలు కాలి ఎముకను వెనక్కి లాగి పట్టి నిజాన్ని దాచేస్తాయి. కొద్దిగా మాత్రమే వంచితే వాటి పట్టు సడలుతుంది. కోణం మార్చడంలోనే ఈ పరీక్ష తెలివంతా ఉంది.

ఎప్పుడు ఎక్స్‌రేకు పంపాలో, ఎప్పుడు అవసరం లేదో చెప్పే నియమాలూ ఉన్నాయి. చీలమండకు సంబంధించినవాటిని కెనడాలోని ఒట్టావాలో 1992లో రూపొందించారు. గిలకల వెనక అంచున కింది 6 సెంటీమీటర్ల మేర నొక్కితే ఎముక నొస్తుందా? పాదం బయటి అంచులో చిటికెన వేలి ఎముక మొదలు నొస్తుందా? లోపలి అంచున ఉండే నావిక్యులర్ ఎముక నొస్తుందా? నాలుగు అడుగులైనా వేయగలుగుతున్నాడా? ఎక్కడా ఎముక నొప్పి లేక, అడుగులు వేయగలిగితే ఎముక విరగలేదని దాదాపు నిశ్చింతగా ఉండొచ్చు. ఎక్స్‌రే కోసం పాతిక కిలోమీటర్లు వెళ్లాల్సిన పల్లెలో ఈ నాలుగు ప్రశ్నలు ఎంత విలువైనవో వేరే చెప్పాలా?

ఇక టేపు వేయడం. పాదాన్ని 90 డిగ్రీల దగ్గర, అంటే కీలు బిగిసి ఉండే వైపుగా నిలబెడతారు. పిక్క కింద రెండు చుట్లు లంగరుగా వేస్తారు. లోపలివైపు లంగరు నుంచి పట్టీ మొదలై మడమ కిందుగా వెళ్లి, బయటివైపు గట్టిగా పైకి లాగి అతుకుతుంది. దిశ ముఖ్యం. పాదం లోపలికి ఒరగకుండా పట్టాలి కాబట్టి లాగుడు లోపలి నుంచి బయటికే ఉండాలి. ప్రతి పట్టీ ముందుదాన్ని సగం కప్పుతూ పోతుంది. తర్వాత మడమను రెండు వైపులా బంధించే మడతలు, వాటి మీద ఎనిమిది అంకె ఆకారంలో చుట్లు. ఎక్కడ ముడత పడినా ఆట అయ్యేసరికి అక్కడ బొబ్బ లేస్తుంది. చివర కాలి బొటనవేలి గోరు నొక్కి వదలాలి. తెల్లబడిన చోటు రెండు సెకన్లలో మళ్లీ ఎర్రబడితే రక్తం పారుతున్నట్టు. ఆట మొదలైన కాసేపటికే టేపు బిగువు చాలావరకు సడలుతుంది. అయినా ఒకసారి బెణికినవాళ్లకు ఉపయోగం ఉంటుంది. చర్మం మీది ఆ లాగుడు పాదం ఎటు ఒరుగుతోందో మెదడుకు గుర్తుచేస్తూ ఉండటం అందుకు ఒక కారణంగా చెబుతారు.

ఇక్కడ పుత్తూరు కట్టును తలచుకోవాలి. తిరుపతి నుంచి చెన్నై వెళ్లే దారిలో ఉన్న పుత్తూరు పేరు చెబితే దక్షిణాది మొత్తానికి గుర్తొచ్చేది అదే. ఆకుపసరు, కోడిగుడ్డు సొన, వెదురు బద్దలు, గుడ్డ పీలికలతో విరిగిన చోటు కదలకుండా పట్టే ఆ పనితనం తరతరాలుగా వస్తోంది. ఎముక అతకాలంటే కదలకుండా ఉండాలన్న సూత్రాన్ని ఆ చేతులు పట్టుకున్నాయి. మనం చెప్పుకుంటున్న చదువు ఆ కట్టు విప్పిన రోజున మొదలవుతుంది. కట్టులో ఉన్న కాలు సన్నబడి ఉంటుంది, కీలు బిగిసి ఉంటుంది, కాలు మోపాలంటే భయం. ఎముక కూడా తన మీద పడే బరువును బట్టి తనను తాను మలుచుకుంటుందని జర్మన్ వైద్యుడు యూలియస్ వోల్ఫ్ 1892లోనే చెప్పాడు. కదలకుండా ఉంచడం ఎంత అవసరమో, సరైన రోజున కదిలించడం అంతే అవసరం.

ఎంత కదిలించాలన్న ప్రశ్నకు అంకెలతో జవాబిచ్చినవాడు అమెరికా సైనిక వైద్యుడు థామస్ డిలోర్మ్. యుద్ధంలో కాళ్లు దెబ్బతిన్న సైనికులతో పనిచేస్తూ 1945లో ఆయన ఒక పద్ధతి ప్రకటించాడు. సరిగ్గా పదిసార్లు ఎత్తగలిగి, పదకొండోసారి ఎత్తలేని బరువును ముందు కనిపెట్టాలి. 1948లో ఆర్థర్ వాట్కిన్స్‌తో కలిసి దాన్ని సులువు చేశాడు. ఆ బరువులో సగంతో పదిసార్లు, ముప్పాతికతో పదిసార్లు, పూర్తి బరువుతో పదిసార్లు. ఆ బరువు 12 కిలోలైతే మొదట 6, తర్వాత 9, చివర 12. బలం పెరిగేకొద్దీ మళ్లీ పరీక్షించి అంకె మారుస్తారు. ప్రతి మనిషికీ తన బలమే కొలమానం కావడం ఇందులోని అందం. పదహారేళ్ల పిల్లకూ నలభై ఏళ్ల కానిస్టేబుల్‌కూ సూత్రం ఒకటే, కిలోలే వేరు.

బరువంటే ఇనుప పళ్లేలే కానక్కర్లేదు. అలిపిరి నుంచి తిరుమలకు 3,550 మెట్లు. ఎక్కేటప్పుడు తొడ ముందు కండరం కుంచించుకుంటూ ఒంటిని పైకి నెడుతుంది. దిగేటప్పుడు అదే కండరం సాగుతూ, జారిపోతున్న ఒంటిని ఆపుతూ పనిచేస్తుంది. దిగేటప్పుడు ఆయాసం తక్కువ, కండరపు పీచుల మీద ఒత్తిడి మాత్రం ఎక్కువ. ఆ దారిలోని మోకాళ్ల పర్వతం దాటి కొండకు చేరినవాళ్లు ఆ పూట ఆయాసపడతారు. నడిచి దిగినవాళ్లకు ఒకటి రెండు రోజుల తర్వాత తొడలు పట్టేస్తాయి. ఇది తెలిసిన ఫిజియో మోకాలు బాగవుతున్న ఆటగాడికి ముందు మెట్లు ఎక్కడం ఇస్తాడు, దిగడాన్ని తర్వాతి వారాలకు దాచుకుంటాడు. అదీ తక్కువ ఎత్తు పీట మీద నుంచి నెమ్మదిగా, మోకాలు లోపలికి వంగకుండా దింపుతూ.

ఈ భాగాలన్నీ ఒక్కటై పనిచేసేది ముందు లిగమెంటు తెగి శస్త్రచికిత్స అయినవారి విషయంలో. మోకాలిచిప్ప కింది పట్టీ నుంచో, తొడ వెనక స్నాయువు నుంచో ముక్క తీసి, ఎముకలకు రంధ్రాలు చేసి కొత్త లిగమెంటుగా బిగిస్తారు. మొదటి వారాల్లో లక్ష్యాలు చిన్నవే: వాపు తగ్గాలి, మోకాలు పూర్తిగా చాచుకోవాలి, తొడ కండరం మేల్కోవాలి. వాపు తగ్గించడానికి అంత పట్టు ఎందుకంటే, బాగున్న మోకాలిలోకి 20 నుంచి 30 మిల్లీలీటర్ల ద్రవం ఎక్కించినా తొడ లోపలివైపు కండరం మందగిస్తుందని ప్రయోగాల్లో తేలింది. మెదడు ఆ కండరానికి పంపే ఆజ్ఞను వాపే అణిచేస్తుంది. వాపు ఉండగా ఎంత కసరత్తు చేయించినా సగం వృథా.

తర్వాత ఒక గడుసు దశ వస్తుంది. కొత్తగా బిగించిన పట్టీకి మొదట రక్తప్రసరణ ఉండదు. పాత కణాలు చనిపోయి కొత్తవి చేరుతుంటే ఆ పట్టీ కొన్ని వారాలపాటు బిగించిన రోజుకంటే బలహీనంగా ఉంటుంది. సరిగ్గా ఆ రోజుల్లోనే నొప్పి తగ్గుతుంది, నడక కుదురుతుంది, ఆటగాడికి పరుగెత్తాలనిపిస్తుంది. లోపల జరుగుతున్నది తెలిసిన మనిషి పక్కన ఉండాల్సిన వేళ అదే. సైకిలు, సగం కూర్చుని లేవడం, ఒంటికాలి నిలకడ, నిదానపు పరుగు, మలుపులు అంటూ ప్రతి మెట్టుకూ ప్రవేశ పరీక్ష పెట్టి నడిపిస్తాడు. చివర ఒంటికాలి గెంతులు. ఒక్క గెంతు, వరసగా మూడు గెంతులు, గీతకు అటూ ఇటూ దాటుతూ గెంతులు, 6 మీటర్ల దూరాన్ని గెంతుతూ దాటే సమయం. దెబ్బతిన్న కాలు బాగున్న కాలి ఫలితంలో కనీసం 90 శాతం తేవాలి. నార్వే, అమెరికా పరిశోధకులు 2016లో ప్రకటించిన అధ్యయనంలో తొమ్మిది నెలల లోపు ఆటకు తిరిగివెళ్లడం ఒక్కో నెల ఆలస్యమయ్యేకొద్దీ మళ్లీ దెబ్బతినే రేటు సుమారు సగానికి తగ్గింది. ఓపికకు ఇంతకంటే గట్టి సాక్ష్యం ఏం కావాలి?

తెలుగు క్రీడాకారుల చరిత్రలోనే ఇందుకు పెద్ద రుజువులున్నాయి. పుల్లెల గోపీచంద్ మోకాలి లిగమెంటు 1994లో తెగింది. శస్త్రచికిత్సలు దాటుకుని వచ్చి 2001 మార్చిలో చైనాకు చెందిన చెన్ హాంగ్‌ను ఓడించి ఆల్ ఇంగ్లండ్ టైటిల్ గెలిచాడు. 2022 ఆగస్టులో పీవీ సింధు బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో స్వర్ణం గెలిచాక ఆమె ఎడమ చీలమండలో ఒత్తిడితో వచ్చిన చిరు పగులు బయటపడింది. ఆ నెల ప్రపంచ చాంపియన్‌షిప్‌ను వదులుకుని 2023 జనవరిలో మళ్లీ కోర్టులోకి వచ్చింది. చూసేవాళ్లకు అవి ఖాళీ నెలలు. లోపల ప్రతి వారం ఒక అంకె, ఒక పరీక్ష, ఒక అనుమతి.

మైదానం పక్కన ఇంకో బాధ్యత ఉంది, అది నిమిషాల మీద నడిచేది. వేసవిలో తిరుపతి, రేణిగుంట వైపు ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. పరుగెత్తుతూ కుప్పకూలిన పిల్లవాడు మాట తడబడుతూ, ఒంటి లోపలి వేడి 40 డిగ్రీలు దాటి ఉంటే అది వడదెబ్బ. ముందు చల్లబరచాలి, తర్వాతే ఆసుపత్రికి తరలించాలి. ఐసు వేసిన నీళ్ల తొట్టిలో మెడ దాకా ముంచి అరగంటలోపు వేడి దించితే ప్రాణం నిలుస్తుంది. అంబులెన్సు కోసం ఎదురుచూస్తూ పోగొట్టుకునే నిమిషాలు మెదడుకు తీరని నష్టం చేస్తాయి. అందుకే తొట్టి, ఐసు, నీళ్లు పోటీ మొదలవకముందే గట్టున సిద్ధంగా ఉండాలి.

ఇన్ని పనులనూ ఒక్క దారంతో కుట్టేది కొలతే. గోనియోమీటరు డిగ్రీలను కొలుస్తుంది, బల్ల అంచున చాచిన కాలు బలాన్ని చెబుతుంది, గెంతు ధైర్యాన్ని సెంటీమీటర్లలో చూపిస్తుంది. ఈ చదువు పూర్తయ్యాక విద్యార్థి చేతికి వచ్చేది చిట్కాల మూట కాదు. ఒక శరీరం ఈ రోజు ఎంత మోయగలదో చెప్పి, ఆ మాటకు బాధ్యత తీసుకునే అర్హత. 'ఆడొచ్చు' అన్నా, 'ఇంకో నెల ఆగు' అన్నా వెనక లెక్క చూపించగలగాలి.

చిత్తూరు, తిరుపతి పల్లెల్లో సంక్రాంతికి కబడ్డీ పోటీలు పెడతాం, వాలీబాల్ కప్పులు పంచుతాం. ప్రతి పోటీకి ఒక టేపు చుట్టా, ఒక ఐసు తొట్టీ, వాటిని ఎప్పుడు ఎలా వాడాలో తెలిసిన ఒక మనిషీ ఉంటే, ఒక్క బెణుకుతో ఆట మానేసే పిల్లలు తగ్గుతారు. బైపీసీ చదివి, ఆటంటే ఇష్టం ఉండి, చేతిలో ఓపిక ఉన్న పిల్లలు ఈ చదువు వైపు చూడాలి. అలాంటివారిని బడి మైదానం దాకా తీసుకురావడం మన నిర్వాహకుల పని.